గిటారాయన లేచి వెళ్లిన మంగళవారం

దర్జీకి గురువు లేడు. ఈ సంగతి ఎవరూ అడక్కపోయినా ఆయనే చెప్పేవాడు, అదీ కొలతలు తీసుకునేటప్పుడు. చేతులు రెండూ చాచి, మెడ చుట్టూ టేపుతో నిలబడ్డ మనిషి మధ్యలో ఎక్కడికి పోగలడు? కుట్టుపని చూసి నేర్చుకున్నాననీ, గిటారు విని నేర్చుకున్నాననీ, ఒకరి దగ్గర చేతులు కట్టుకుని కూర్చునే అలవాటు తనకు లేదనీ చెప్పుకుపోయేవాడు. అది గొప్ప కాదట, ఇంకొకరిని ఇబ్బంది పెట్టకూడదన్న మంచితనమట.

నిజానికి గిటారు నేర్పింది ఆరు క్యాసెట్లు. వాటిలో వాయించే ఆయన ఎక్కడివాడో, ఉన్నాడో పోయాడో ఎవరికీ తెలియదు. జనం పనులు చేసుకుంటూ పాడుకునే పాటలే వాయిస్తాడు. వేళ్లతో మీటడు, పిక్కు అనే చిన్న బిళ్ల పట్టుకుని తీగను కిందికొకసారి, పైకొకసారి కొడతాడు. అంత వేగంలోనూ ఒక్క దెబ్బ పొడుగూ కాదు, పొట్టీ కాదు. తన మిషను కొత్తలో కూడా ఇంత సమంగా కుట్టలేదని దర్జీ ఒప్పుకున్నాడు. మొదటి చుట్టు పాటను ఒట్టిగా వినిపించి, రెండో చుట్టులో మెల్లగా నగలు పెట్టేవాడాయన. మధ్యమధ్య లావు తీగ మీద ఒక్కటేసి, పక్కన ఇంకెవరో కూర్చుని వంత పాడుతున్నట్టు భ్రమ కలిగించేవాడు. ఒంటిమనిషికి ఆ విద్య ఎంత అవసరమో దర్జీకి బాగా తెలుసు.

రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు కొట్టు తలుపు వేసి, వెనక గదిలో ఒక్క కంచం కడిగి బోర్లించి, క్యాసెట్టు పెట్టేవాడు. చొక్కా కాలరులో పెట్టే ప్లాస్టిక్ బద్దను అరగదీసి పిక్కు చేసుకున్నాడు. దర్జీ తప్పు కొడితే క్యాసెట్టులో ఆయన ఆగేవాడు. చక్రాలు తిరుగుతూనే ఉండేవి. ఆయన గొంతు సవరించుకుని, కాస్త వెనక్కి వెళ్లి మళ్లీ అందుకునేవాడు. ఇది వీధంతా ఎరిగిందే. ఇవాళ పదకొండుసార్లు ఆగాడు పాపం అని పక్క కొట్టు ఇస్త్రీ ఆవిడ సాయంత్రం పరామర్శించేది.

దర్జీ ఉన్నదున్నట్టు దించేవాడు. మూడో పాటలో గిటారాయన కుర్చీ కిర్రుమంటుంది. దర్జీ తన స్టూలు కాలు కాస్త కోసి, సరిగ్గా అక్కడే కిర్రుమనిపించాడు. ఐదో పాటలో ఆయన వేలు జారి తీగ బరుక్కుంటుంది. ఆ జారడం పట్టుబడటానికి దర్జీకి ఆరు నెలలు పట్టింది.

ఒకసారి ఆరో నంబరు బస్సు నడిపే ఆవిడ యూనిఫారం ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చి, వెనక గదిలో గిటారు చూసింది. ఆదివారం సాయంత్రాలు గ్రంథాలయం పక్క గదిలో నలుగురం వాయించుకుంటాం, మాండలిన్ నాది, మీరూ రండి మాస్టారూ అంది. దర్జీ పని ఉందన్నాడు. తర్వాత రెండుసార్లు పిలిచినా అదే పని ఉంది. అసలు సంగతేమిటంటే, ఆ నలుగురూ బతికున్న మనుషులు. తప్పు కొడితే వెనక్కి రారు.

నాలుగో క్యాసెట్టు పాటలో ఒక కష్టమైన మలుపు ఉంది. దర్జీ రెండేళ్లుగా అక్కడే పడేవాడు. ఒక మంగళవారం మళ్లీ పడ్డాడు. గిటారాయన ఆగాడు. గొంతు సవరించుకోలేదు. కుర్చీ వెనక్కి జరిగింది. గిటారు గోడకు ఆనించిన చప్పుడు, తీగల సన్నని రొద, అడుగులు, తలుపు. తర్వాత ఖాళీ గది. దర్జీ క్యాసెట్టు తిప్పి పెట్టాడు. అటూ ఖాళీ గదే. ఆరు క్యాసెట్లలోనూ అదే గది.

రెండు రోజులు ఎదురుచూసి అక్కకు ఫోను చేశాడు.

"ఆయన వెళ్లిపోయాడక్కా."

"మీ గిటారాయనా? ఎన్నేళ్లయిందిరా కూర్చోబెట్టి?"

"పందొమ్మిది."

"ఒక్కనాడైనా కాస్త లేచి తిరగండి అన్నావా?"

దర్జీ మెడలోని కొలత టేపు తీసి చుట్టడం మొదలుపెట్టాడు.

"నీతో మాట్లాడేది నేనూ ఆయనేగా. నాకు మోకాళ్లు పోయాయి కాబట్టి ఉన్నాను. ఆయన కాళ్లు బాగున్నాయి, వెళ్లాడు."

ఆ వారం దర్జీ ఒక చొక్కాకు చేతులు తారుమారుగా కుట్టాడు. గిటారు పట్టుకుంటే తప్పో ఒప్పో తెలియలేదు. ఆపేవాళ్లు లేకపోతే రెండూ ఒకటేలా ఉన్నాయి. శనివారం తీగలు వదులు చేసి, తయారైన కోట్ల పక్కన కొక్కేనికి తగిలించాడు. ఎవరు అడిగితే వాళ్లకు ఇచ్చేద్దామనుకున్నాడు. ఇక ముట్టుకోకూడదనుకున్నాడు.

ఆదివారం ఒక ఆశ పుట్టింది. వాయించే మనిషి ఎక్కడికి పోతాడు, వాయించేవాళ్ల దగ్గరికేగా? ఆయన అడుగుతాడేమోనని గిటారు కూడా దించుకుని గ్రంథాలయానికి వెళ్లాడు.

గదిలో నలుగురున్నారు. కుర్చీలు ఐదున్నాయి.

"రండి మాస్టారూ, మీదే ఆలస్యం," అంది డ్రైవరమ్మ.

"ఆయన వచ్చాడా?"

"మంగళవారం నా బస్సెక్కాడు. ఆదివారం కుర్చీ ఒకటి ఎక్కువ వేయమన్నాడు."

"ఇంకేమన్నాడు?"

"ముందు సీటు ఖాళీగా ఉంది, కూర్చోండి అన్నాను. కూర్చుని కూర్చుని విసుగెత్తిందన్నాడు. ఆఖరి స్టాపు దాకా నిలబడే వచ్చాడు."

అంతకాలం కూర్చోబెట్టింది ఎవరో దర్జీకి వివరించక్కర్లేదు. ఐదో కుర్చీలో కూర్చుని తీగలు బిగించాడు. వాళ్లు ఎత్తుకున్నది ఆ నాలుగో క్యాసెట్టు పాటే. మలుపు దగ్గర దర్జీ పడ్డాడు. అలవాటు కొద్దీ చెయ్యి ఎత్తేసి, అందరూ ఆగుతారని చూశాడు. ఎవరూ ఆగలేదు. పాట బస్సులా దర్జీని స్టాపులో వదిలేసి వెళ్లిపోతోంది. లేచి వెళ్లిపోదామని గిటారు మెడ పట్టుకున్నాడు.

డ్రైవరమ్మ తల ఎత్తలేదు, చెయ్యి ఆపలేదు. "వచ్చే చుట్టులో ఎక్కండి," అంది.

వచ్చే చుట్టు వచ్చింది. దర్జీ ఎక్కాడు.

అప్పటినుంచి ఆదివారాలు దర్జీ కొట్టు నాలుగింటికే మూస్తున్నాడు. క్యాసెట్లలో గది ఇంకా ఖాళీగానే ఉంది. మలుపు పది సార్లలో ఆరుసార్లు దాటుతున్నాడు. పడితే లేవడం కూడా వచ్చింది. ఇంకా రానిది ఒకటే, పాట చివర అందరితో పాటు ఆపడం. నలుగురూ ఒక్కసారిగా చేతులు ఎత్తేస్తారు. దర్జీ మాత్రం మరో నాలుగు దెబ్బలు ఒక్కడే కొట్టి, అప్పుడు తలెత్తి చూస్తాడు.