రాతిగూట్లో క్యారేజీ

దమయంతి రోజూ పొద్దున్నే రెండు కప్పుల బియ్యం కడిగి కుక్కర్లో పడేసేది. ఒక్కదానికి రెండెందుకని అడిగేవాళ్ళెవరు? మొగుడు విశ్వనాథ్ పోయి ఎనిమిది నెలలైనా ఆ సంగతి చేతికింకా తెలియలేదు. ఒక్కతే కంచం ముందు కూర్చుంటే ముద్ద గొంతు దిగేది కాదు. వాచీ మోచేతిదాకా జారుతోంది. ఇలాగే ఉంటే మనిషి దక్కదని డాక్టరు చెప్పేశాడు.

ఆమె ఉద్యోగం అమెరికాలో షాంటిలీ దగ్గర ఓ యూనివర్సిటీవాళ్ళ మ్యూజియంలో దుమ్ము తుడవడం. అక్కడ కార్తూసియన్లనే క్రైస్తవ సన్యాసుల గది ఒకటుంది. ఏడొందల ఏళ్ళ కిందట ఫ్రాన్సులో కట్టిన మఠం పాడుబడితే, ఎవరో డబ్బున్న మారాజు ఒక్క గదిని రాయి రాయికీ నంబరేసి ఓడెక్కించి తెచ్చాడట. ఆ సన్యాసులు ఎవరి గదిలో వాళ్ళే, మాటా పలుకూ లేకుండా ఉండేవారు. అన్నం గోడలోని గూట్లోంచి అందేది. పెట్టేవాడి మొహం తినేవాడికి కనబడకుండా గూడు వంకరగా కట్టారు. అదేం బతుకో మరి!

మిగిలిన అన్నం పారేయడానికి మనసొప్పక దమయంతి ఓరోజు పప్పన్నం క్యారేజీ ఆ గూట్లో పెట్టింది. మధ్యాహ్నానికి గిన్నె కడిగి ఉంది. మ్యూజియంలో ఎవరూ వింతపడలేదు. కోడికూర పెట్టిన రోజు మాత్రం ముట్టలేదు.

"వాళ్ళు మాంసం తినరాంటీ. శుక్రవారమైతే రొట్టే, నీళ్ళే," అంది టికెట్లిచ్చే సంహిత. ఆ యూనివర్సిటీలోనే ఎమ్మెస్ చదువుతోంది. శనివారాలు ఒంటిపూట ఉండే మొగుడికి వండిపెట్టిన మనిషికి ఇదో లెక్కా? గూటి అవతలి సన్యాసికి పెట్టడం కుదిరింది గానీ, తను తినడమే కుదరలేదు.

మొదటిసారి ఆదివారం డ్యూటీ పడింది. గుత్తొంకాయ పెట్టింది. గిన్నె నిండుగానే తిరిగొచ్చింది. ఉప్పెక్కువైందా, పాపం ఒంట్లో బాలేదా అని హడలిపోయి మూత తీస్తే, అన్నం మీద రెండు చెక్క చెంచాలున్నాయి.

చిప్స్ ప్యాకెట్ పట్టుకుని అటొచ్చిన సంహిత వాటిని చూసింది. "ఆదివారం వాళ్ళు గదిలో ఒంటరిగా తినకూడదాంటీ. అందరూ కలిసి కూర్చుని తినాలి. మఠం నియమం."

దమయంతి ఆ ప్యాకెట్ వైపు చూసింది. "నువ్వు అన్నం తిన్నావా?"

అమెరికా వచ్చి ఏడాదైంది, ఈ మాట తననెవరూ అడగలేదంటూ ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది.

ఇద్దరూ గూటి కిందే కూర్చున్నారు. చెరో చెంచా తీసుకున్నారు. మూడో చెంచాడు అన్నం దగ్గర దమయంతికి ఏడుపొచ్చింది. అయినా అన్నం గొంతు దిగింది.

మర్నాడూ రెండు కప్పుల బియ్యమే కడిగింది. క్యారేజీలు మాత్రం మూడు సర్దింది.