వట్టి గిన్నె ఇయ్యకూడదు

ఈశ్వరమ్మ ఇంట్లో గిన్నెలకు కరువు లేదు. మొగుడు శేషయ్యకు కదిరి బజారులో కిరాణా అంగడి ఉందాయె. అటక మీద ఇత్తడి గుండిగలు, గూట్లో పింగాణీ సాసర్లు, గోడ పొడుగునా స్టీలు డబ్బాలు, అట్టపెట్టె కూడా విప్పని గాజు సెట్లు. అన్నీ ఉండి, ఆ మహాతల్లి మజ్జిగ తాగేది మాత్రం పక్కింటి ఓబమ్మ కంచు గిన్నెలో.

ఉగాదికి ఓబమ్మ ఆ గిన్నెలో ఓళిగలు పెట్టి పంపింది. అంతే, గిన్నె మళ్ళీ గడప దాటలేదు. అడిగినప్పుడల్లా ఈశ్వరమ్మ బుగ్గలు నొక్కుకునేది.

"తిన్నింటి గిన్నె వట్టిగా ఎట్లిచ్చేది ఓబమ్మా? శాస్త్రం ఒప్పుతాదా? ఏదన్నా చేసినప్పుడు నింపి పంపిస్తాలే."

ఆ ఇంట్లో ఏదన్నా చేయడమూ, మన సీమలో మూడు వానలు సరిగ్గా పడడమూ ఒకటే. ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలని మనిషి ఆమె.

ఇప్పుడిక వాయిదాకు వీలు లేదు. ఓబమ్మ కూతురు అంజలి బిడ్డకు రేపే అన్నప్రాశన. ఓబమ్మ తల్లి, ఓబమ్మ, అంజలి, అందరూ మొదటి ముద్ద తిన్నది ఆ కంచు గిన్నెలోనే. తల్లి పోతూ పోతూ చేతిలో పెట్టిన వస్తువు కూడా అదొక్కటే. "స్టీలు గిన్నెలో పెడదాంలే మా" అని అంజలి అంటే ఓబమ్మకు కడుపు మండింది. పోట్లాడి తెచ్చుకుందామా అంటే, శుభకార్యం పెట్టుకుని వీధిన పడ్డారని నలుగురూ నవ్వుతారు. ముల్లును ముల్లుతోనే తీయాలనుకుంది. నీళ్ళ ట్యాంకరు డ్రైవరుకు ఫోన్ చేసి, రేపు పొద్దున్నే వస్తాడని తెలుసుకుని, సాయంత్రం ఈశ్వరమ్మ ముందు వినయంగా నిలబడింది.

"వదినా, రేపు చుట్టాలొస్తాండారు. నీ బిందెలన్నీ ఇస్తావా? వట్టిగా తిరిగియ్యనులే."

ఆ చివరి మాటకు ఈశ్వరమ్మ నోట్లో నీళ్ళూరాయి. పాయసం, వడలు కళ్ళ ముందు కదిలాయి. ఇత్తడివి, స్టీలువి, ఆఖరికి ప్లాస్టిక్‌వి కూడా తానే తెచ్చి బయట పెట్టింది.

తెల్లవారగానే వీధి చివర ట్యాంకరు హారన్ కొట్టింది. పోతే మళ్ళీ వారానికి గాని రాదు. ఈశ్వరమ్మ కొంగు దోపుకుని పరుగెత్తి వచ్చింది. ఓబమ్మ బిందెలన్నీ వాకిట్లో బోర్లించుకుని, వాటి ముందు కూర్చుని తీరిగ్గా తమలపాకులు తుడుస్తోంది.

"బిందెలియ్యి ఓబమ్మా, ట్యాంకరు పోతాది."

"వట్టి బిందెలు ఎట్లిచ్చేది వదినా? శాస్త్రం ఒప్పుతాదా? నింపి పంపిస్తాలే."

"ఎప్పుడు?"

"నువ్వు ఉగాది గిన్నె నింపినప్పుడు."

ఈశ్వరమ్మ ఒకసారి ట్యాంకరు వైపు, ఒకసారి బిందెల వైపు చూసింది. ఇంట్లోకి పోయి గిన్నె పట్టుకొచ్చింది. అడుగున నాలుగు పుట్నాలు దొర్లుతున్నాయి. ఓబమ్మ తొంగి చూసింది. ఒక బిందెలో గుక్కెడు నీళ్ళు పోసి ముందుకు జరిపింది.

"నువ్వు ఎట్ల నింపితే నేనూ అట్లే వదినా."

ట్యాంకరు మళ్ళీ హారన్ కొట్టింది. ఈసారి గిన్నె వచ్చినప్పుడు నిండా బియ్యం, బెల్లం, పైన జీడిపప్పు, పక్కన నేతి సీసా. శేషయ్య అంగడి సరుకు తూకం లేకుండా గడప దాటడం అదే మొదలు. ఓబమ్మ కూడా తక్కువది కాదు. తానే వరసలో నిలబడి బిందెలన్నీ నింపి, మోసుకెళ్ళి ఈశ్వరమ్మ వంటింట్లో దించింది.

మధ్యాహ్నం బిడ్డ కంచు గిన్నెలోని మొదటి మెతుకు చప్పరించి, మొహం చిట్లించి, మళ్ళీ నోరు తెరిచింది. ఓబమ్మకు కళ్ళనీళ్ళు ఆగలేదు. తల్లి పక్కనే కూర్చున్నట్టు అనిపించింది.

ఈశ్వరమ్మ కూడా కడుపునిండా తిని లేచింది. పోతూ పోతూ గిన్నె వైపు ఒక చూపు విసిరింది.

"మీ అన్నకు రవ్వంత పాయసం పెట్టియ్యి ఓబమ్మా. ఆ కంచు దాంట్లో అయితే వేడిగా ఉంటాది."

ఓబమ్మ మోదుగాకు దొన్నె నిండా పాయసం పోసి, భద్రంగా ఆమె చేతిలో పెట్టింది.

"అన్న తిన్నాక దొన్నె మేకకెయ్యి వదినా. తిరిగియ్యాల్సిన పని లేదు."