తాలుకాయల ప్రోగ్రాముకు పెట్టిన షరతు

అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది? సత్తెనపల్లి చర్చి హాలులో నా ఎదుట కూర్చున్న ఇద్దరినీ మొదట అడిగినది ఇదే. ఇద్దరూ నా దగ్గర చదువుకున్నవారే.

"నాకండీ, టీచర్‌గారూ," అంది నాజియా.

కల్లంలో ఆరబోసిన మిరపకాయలను ఫోటో తీస్తే, అందులో రంగు పోయిన తాలు ఎంత శాతమో చెప్పే ప్రోగ్రాము ఆమె రాసింది. ఎవరైనా ఎందుకైనా వాడుకోవచ్చునని ఏళ్ళ క్రితమే ఇంటర్నెట్‌లో పెట్టింది. ప్రసన్నకుమార్ దాన్ని తీసుకుని, మబ్బు వెలుతురులోనూ పొరబడకుండా మెరుగుపరిచాడు. 'ఓపెన్ సోర్స్' అనే పేరు ఉంచుతూనే లైసెన్సులో, అంటే వాడుక నియమాల్లో, ఒక షరతు చేర్చాడు: మిర్చి కొని అమ్మేవారు వాడరాదు.

"ఇందులో తప్పేమున్నది?" అన్నాను. తాలు ఎక్కువ చూపి ధర కోసేవారిని వెలుపల నిలబెట్టడం నాకు ధర్మంగానే తోచింది.

"షరతు పెట్టుకోమనండి. ఆ పేరు తీసెయ్యమనండి. ఫలానావాళ్ళు వాడకూడదు అన్నాక అది ఓపెన్ సోర్స్ కాదండీ."

"కోడ్ అందరికీ కనిపిస్తోందిగా!" అన్నాడు ప్రసన్నకుమార్.

"ఒరేయ్, షాపు అద్దంలోంచి జిలేబీ కూడా కనిపిస్తుంది."

"అయితే మోసగాడు సైతం వాడవచ్చునా?" అని అడిగాను.

"వాడొచ్చండీ. మోసానికి చట్టం ఉంది. లైసెన్సు పోలీస్ స్టేషన్ కాదు కదా."

దుష్టునికీ శిష్టునికీ ఒకే తలుపు తెరవడం న్యాయమెట్లవుతుంది? నాజియా తనతో అంకమ్మను తీసుకువచ్చింది. ఆమె కూలికి తాలు ఏరుతుంది; ఏరగా మిగిలిన కలగలుపు కాయను తానే కొని కారం మిల్లుకు అమ్ముతుంది. ఆ ప్రోగ్రాము కావలసినది ఆమెకే.

"నువ్వు కూలివా, వ్యాపారివా?" అన్నాను.

"మధ్యాహ్నం దాకా కూలిదాన్నమ్మా." అంకమ్మ ప్రసన్నకుమార్ వైపు తిరిగింది. "ఏమయ్యా, సాయంత్రం కొనేటప్పుడు రైతు చెప్పిన తాలుకే తలూపాలా నేను? పక్కచేను సరుకు కొని తన బస్తాలతో యార్డుకు తోలే రైతో? వాడూ వ్యాపారేనా?"

"మీ గురించి రాయలేదమ్మా..."

"రాసింది నాకే తగిలిందిగా!"

రైతు, కూలి, వ్యాపారి అని మనసులో గీతలు గీసుకున్నాను. ఒక్క గీతా నిలువలేదు.

"ప్రసన్నకుమార్, నువ్వు తీసుకున్న రోజున నువ్వెవరివని నాజియా అడిగినదా?"

"లేదండీ."

"అయితే అలా అడగకుండా ఇవ్వడం నీమీద బాకీ."

అతను ల్యాప్‌టాప్ తెరిచి షరతు తొలగించాడు. తాను చేసిన మెరుగులన్నిటినీ నాజియా ఇచ్చిన స్వేచ్ఛతోనే ఆమె ప్రోగ్రాముకు పంపాడు. ఆమె చదివి చేర్చుకున్నది. అంకమ్మ ఫోనులో అది తెరుచుకున్నది.

మోసగాడి సంగతి నాకు ఇప్పటికీ బోధపడలేదు. కాని ప్రసన్నకుమార్ ఏనాడో తీసుకున్నది, దానిమీద పెరిగినదంతా కలుపుకొని, ఆ పూట పూర్తిగా తీరింది.