డప్పు ఉన్న రీలు

పొద్దున కరీంనగర్ టాకీసు వెనుక సందులో నర్మదకు మొండయ్య కనిపించాడు. గోడవారగా గడ్డిమంట వేసుకుని డప్పు కాచుకుంటున్నాడు. వేడి తగలని డప్పు మోగదు, అందుకని ఎక్కడికి వెళ్లినా ఆయన ముందుగా వెతుక్కునేది పిడికెడు గడ్డినే.

"జర మంచిగ పాడు బిడ్డా. సారు ఈడ కూసొమన్నడు. నా వంతు రాంగనే పిలువుమను" అన్నాడు. ఆమె నవ్వి లోపలికి వెళ్లింది. కాసేపటికే ఆ నవ్వు గుర్తొచ్చి తనమీద తనకే మండిపోయింది.

వాళ్లది గోదావరి ఆర్కెస్ట్రా. చొప్పదండి మొదలుకొని బొగ్గుగనుల కాలనీల దాకా పెళ్లిళ్లలో సినిమా పాటలు వాయించి వాయించి, ఇన్నాళ్లకు సొంత పాటలతో మొదటి గ్రామఫోను రికార్డు ఇవ్వబోతున్నారు. ఊళ్లో స్టూడియో ఎక్కడిది? ఆట లేని పొద్దుటిపూట టాకీసే స్టూడియో. పోయిన నెల ఇక్కడే వాద్యాలన్నీ వాయించి టేపుకు ఎక్కించారు. ఇవాళ నర్మద గొంతు కలపాలి. ఒక మిషన్ మీద వాద్యాల రీలు తిరుగుతుంటే, ఆమె చెవులకు తగిలించుకున్న ఫోన్లలో వింటూ పాడుతుంది. రెండూ కలిసి పక్క మిషన్‌లోని రీలుకు ఎక్కుతాయి.

ముందు ఊరికే ఒకసారి వినిపించారు. పల్లవి అయింది. డప్పు గర్జించాల్సిన చోట తబలా టకటకలాడింది. నర్మద ఫోన్లు తీసేసింది.

"సార్, డప్పేది?"

లింగమూర్తి బడిపంతులు, ఆర్కెస్ట్రాకు పెద్ద. కళ్లద్దాలు తుడుచుకుంటూ తాపీగా చెప్పాడు. "తీసేసినం. మొన్న మల్ల వాయించినం, తబలా నేనే కొట్టిన. డప్పు వింటే పట్నపోళ్లు పీనుగ లేచిందనుకుంటరు నర్మదా."

"మొండయ్య కాకకు చెప్పిన్రా?"

"చెప్తే లొల్లి చేస్తడు. చూసి చూసి ఆయనే పోతడు తియ్."

నర్మదకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ పాట ఆమె అవ్వ ఐలవ్వ మగ్గం మీద కూచుని పాడుకున్నది. దానికి నడక నేర్పింది మొండయ్య. కొండగట్టు గుడికి నడిచే తోవలో చరణానికీ చరణానికీ నడుమ ఆయన దెబ్బ పడితేనే జనం అడుగు కదిపేవారు. ఊళ్లో చావుకు ఆయన కావాలి, దేవుడికి ఆయన కావాలి. రికార్డు దగ్గరికొచ్చేసరికి మాత్రం పీనుగ చప్పుడైపోయాడు. ఎంత సుళువుగా అనేశాడీ పెద్దమనిషి!

ఆమె మిషన్ల దగ్గరున్న రాయమల్లు వైపు తిరిగింది. పట్నం నుంచి రికార్డు కంపెనీ పంపిన మనిషి. "అన్నా, డప్పున్న రీలు ఏమైంది?"

"గిదే. గీ మిషన్ల ఎక్కించిన. నీ పాట దీని మీదికే పోతది. మాకిచ్చినయి రెండే రీళ్లు."

"మరి డప్పు?"

"నువ్వు పాడుతుంటే అది చెరిగిపోతది."

మొండయ్య దెబ్బను తన గొంతుతోనే తుడిపించాలని చూశారన్నమాట. నర్మదకు వచ్చింది ఏడుపు కాదు, ఒట్టి కోపం.

"రీళ్లు మార్చన్నా. డప్పున్నది వినిపియ్యి. తబలా ఉన్నదాని మీదికి నా పాట ఎక్కియ్యి."

లింగమూర్తి లేచి నిలబడ్డాడు. "నీకేమన్న పిచ్చి లేచిందా? నా తబలా అంత పోతది."

"పోనియ్యున్రి. లేకుంటె పాట గూడ మీరే పాడుకోన్రి."

రాయమల్లు గోడ గడియారం చూశాడు. "జల్ది తేల్చున్రి సార్. ఆటకు జనం వస్తుండ్రు." ఆ పూటకు ఇంకో పాడేమనిషి దొరకదని లింగమూర్తికీ తెలుసు. మొహం గంటు పెట్టుకుని చెయ్యి ఊపాడు.

రీళ్లు మారాయి. పాటకు ముందు మొండయ్య డప్పు సరిచూసుకున్న దెబ్బ ఒకటి ఆమె చెవిలో పడింది. నర్మద పాడింది. గొంతులో తీపి తగ్గింది. తగ్గితే తగ్గనీ అనుకుంది. ప్రతి చరణం చివరా డప్పు లేచి ఆమెకు దారి ఇచ్చింది.

పాట కాగానే లింగమూర్తి బయటికి నడిచాడు. నర్మద వెనకాలే వెళ్లింది. సందులో గడ్డి బూడిదైంది. మొండయ్య ఇంకా అక్కడే కూచున్నాడు.

"నా వంతు వచ్చిందా బిడ్డా?"

"అయిపోయింది కాకా. నువ్వు పోయిన నెల కొట్టిందే రికార్డుల వస్తది."

"మల్ల పొద్దుగాల్నుంచి నన్నెందుకు కూసోవెట్టిన్రు?"

నర్మద సైకిలెక్కబోతున్న లింగమూర్తికి అడ్డంగా వెళ్లి హాండిలు గట్టిగా పట్టుకుంది.

"సార్ చెప్తరు కాకా."

లింగమూర్తి సైకిలు గుంజుకోబోయాడు. ఆమె వదల్లేదు. మొండయ్య డప్పు చంకన పెట్టుకుని లేచి, దగ్గరికొచ్చి ఆయన ముందు నిలబడ్డాడు.