కలిసొచ్చిన హెల్మెట్

నా మీద పచ్చ స్టిక్కర్ అంటించిన తనిఖీ అయ్యా, ముందు నీతోనే మాట. నన్ను చేతిలోకి తీసుకున్నావు. లోపల వేలు పెట్టి నొక్కావు. సొట్ట నీ వేలికి తగిలింది. తగిలిందని నాకు తెలుసు, ఎందుకంటే నీ వేలు అక్కడ ఆగింది. అయినా "పర్లేదు" అన్నావు. ఆ పర్లేదు ఒక మనిషి మెదడు తినేసింది.

నేను ఒక హెల్మెట్‌ని. చచ్చిన హెల్మెట్‌ని. చచ్చాక కూడా నాతో పని చేయించుకున్నారు. రేపటి రేసులో ఇంకో తల మీద పెట్టబోతున్నారు. అందుకే నోరు విప్పుతున్నా.

నా ఒంట్లో ఏముందో చెప్తాను, వినండి. పైన గట్టి డొప్ప. లోపల థర్మాకోల్ లాంటి మందపాటి దిమ్మ. జనం డొప్పని చూసి మురుస్తారు గాని, కాపాడేది ఆ దిమ్మే. తలకి చేరాల్సిన దెబ్బని తాను నలిగి మింగుతుంది. ఒక్కసారే మింగుతుంది. నలిగింది మళ్ళీ లేవదు. పైకి మాత్రం నిగనిగలాడుతూనే ఉంటాను. మనుషుల్లోనూ ఇలాంటివాళ్ళు ఉంటారట, వాళ్ళ గోల నాకెందుకు.

నన్ను కొన్నది పెంచలయ్య. నెల్లూరులో రొయ్యల మేత దుకాణం అతనిది. వారమంతా మూటలు దించి, ఆదివారం వస్తే రేసు బండిని వ్యానులో ఎక్కించుకుని చెన్నై దగ్గర ట్రాక్‌కి పోయేవాడు. మోటర్‌సైకిల్ ఎక్కితే మొండి. మలుపులో మోకాలు నేలకి రాసుకునేదాకా వంగేవాడు. ఒకసారి వెనక టైరు జారింది. బండి ఒక పక్కకి, అతనొక పక్కకి. తల రోడ్డుకి కొట్టుకుంది. నేను నలిగాను. అతను లేచి దుమ్ము దులుపుకున్నాడు.

అక్కడితో నా పని అయిపోయింది. ఆ పూటే నన్ను పగలగొట్టి పారెయ్యాలి. పెంచలయ్య ఏం చేశాడు? ఇంటికి తీసుకెళ్ళి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు.

భార్య కామాక్షి నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"దెబ్బ తిన్నదాన్ని మళ్ళీ నెత్తిన పెట్టుకుంటావా? కొత్తది కొనుక్కోరాదా?"

"నువ్వుండు మే. ఇది కలిసొచ్చిన హెల్మెట్. దీన్ని మారిస్తే అదృష్టాన్ని గెంటినట్టే."

"పగిలిన కుండకి దణ్ణం పెట్టి అందులోనే నీళ్ళు పోసుకుంటారా యాడన్నా?"

అతను నవ్వేశాడు. కలిసిరావడమట! దెబ్బ తిన్నది నేను, పేరొచ్చింది అదృష్టానికి.

పెంచలయ్య వరసగా గెలిచాడు. ఆ గెలుపులు చూసి దామోదరం అనే కార్ల టీమ్ యజమాని పిలిచి, ఒంటి సీటు కారులో కూర్చోబెట్టాడు. ఆ కార్లకి పైకప్పు ఉండదు. చక్రాలు బయటికి, డ్రైవర్ తల కూడా బయటికే. బండి మీద ఒంటితో తిప్పడం అలవాటైనవాడు, బెల్టులతో బిగించిన ఒంటితో, రెండు చేతులతో తిప్పడం నేర్చుకున్నాడు. మొదట చిన్న ఇంజన్. అందులోనూ గెలిచాక పెద్దది. ఆ పెద్ద కారు కదిలిందంటే పొట్ట వెన్నుకి అంటుకుపోయేది.

కారుకి వేరే హెల్మెట్ ఉంటుంది, లోపల మంటకి అంటుకోని గుడ్డతో. దామోదరానికి ఆ సంగతి తెలుసు. ప్రతి రేసుకీ కొత్త టైర్లు వేయించేవాడు. తలకి మాత్రం నేనే చాలన్నాడు. నా మీద గీతలు పడ్డ చోట కారప్పొడి కంపెనీ బొమ్మ అంటించాడు. తనిఖీ అయ్య మొదట ఇది బండి హెల్మెట్ కదా, లోపల నలిగింది కదా అని గునిశాడు. మావాడి సెంటిమెంటు సార్, ఈ ఒక్క రేసుకి వదిలెయ్యండని దామోదరం భుజం మీద చెయ్యేశాడు. స్టిక్కర్ పడింది.

ఆ రేసులోనే, మూడో మలుపులో ముందు కారు వెనక చక్రానికి మా చక్రం తగిలింది. మా కారు గాల్లోకి లేచి గోడని కొట్టింది. తల వెనక ఉన్న ఇనప కమ్మీకి నేను గుద్దుకున్నాను. మింగడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. దెబ్బ నాలోంచి నేరుగా పోయింది.

పెంచలయ్య బతికాడు. ఇప్పుడతను కామాక్షిని "అక్కా" అని పిలుస్తాడు. ఆమె పలుకుతుంది.

అతన్ని తిట్టకండి. చావుకి ఎదురుపోయేవాడు దేన్నో ఒకదాన్ని గట్టిగా పట్టుకుంటాడు. తెలిసినవాడు విడిపించాలి. తెలిసినవాడికే కదా జీతం.

సరే, అక్కడైనా ఆగారా? ఈ హెల్మెట్ లేకపోతే ప్రాణమే పోయేదని దామోదరం ఊరంతా చెప్పాడు. నాకు కొత్త రంగు కొట్టించాడు. కడప నుంచి నస్రీన్ అనే అమ్మాయి వచ్చింది, పెంచలయ్య లాగే మోటర్‌సైకిళ్ళ మీద గెలిచి. రేపు ఆమెకి కారులో మొదటి రేసు. నన్ను ఎవరూ ఆమెకి అంటగట్టలేదు. తానే అడిగింది.

"పెంచలన్న హెల్మెట్ నాకియ్యండి సార్. నాకూ కలిసొస్తాది."

దామోదరం నవ్వుతూ ఇచ్చేశాడు.

నస్రీన్, నన్ను కింద పెట్టు తల్లీ. లోపల వేలు పెట్టి చూడు. నీ వేలు ఎక్కడ ఆగుతుందో అక్కడ నీ తల ఉంటుంది. తనిఖీ అయ్యా, రేపు పొద్దున నన్ను నీ బల్ల మీద పెడతారు. ఈసారి సుత్తి తియ్యి. అందరూ చూస్తుండగా నన్ను రెండు ముక్కలు చెయ్యి. నాలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో వెతికి, అన్నిటినీ అక్కడే పగలగొట్టు. అప్పటిదాకా ఆ ట్రాక్ మీద ఒక్క ఇంజన్ కూడా మొదలు కాకూడదు.