గురువారంలోగా ఇంజన్

ఎర్ర రిబ్బనా తెల్ల రిబ్బనా అన్నది ఇంకా తేలలేదు, తెల్లదైతే మా జగజీగ్ ఊరి దుమ్ముకి గంటలో మాసిపోతుంది, ఎర్రదైతే పద్దెనిమిదేళ్ళ పిల్ల పెళ్ళిలా ఉందని మా వదిన మూతి తిప్పుతుంది, తిప్పుకోనీ, నాకు నలభై నాలుగైతే ఏం, ఎర్రదే కడతాను, ముందు బంపర్ నుంచి వెనక తలుపు దాకా కడతాను, వెనక తలుపు మీద నేను రాయించిన కళ్ళు మండితే కళ్ళజోడు పెట్టుకో అన్న మాట మాత్రం కనపడేలా వదిలేసి కడతాను, అనుకుంటూ తల ఎత్తితే, రిబ్బను కట్టాల్సిన బండి ఎదురుగా నోరు తెరుచుకుని ఉంది, బానెట్ కింద కర్ర ఆన్చారు, ఇంజన్ హెడ్ విప్పి గోనెపట్టా మీద బోర్లించారు, ఏడుగురు ప్రయాణికులు పట్టే నా పాత పెజో టాక్సీ, ఈ రూట్ మొత్తం మీద ఆడది నడిపే బండి ఇదొక్కటే, ఇన్షిరాహ్ బండి ఎక్కడుందంటే చిన్నపిల్లలు కూడా చెబుతారు, పొద్దున్నే ఏడుగురు టీచరమ్మల్ని పల్లెల్లో బడులకి దింపుతాను, మధ్యాహ్నం ఎక్కించుకొస్తాను, ఆ బండి మీదకి వంగి ఉన్న వెడల్పాటి వీపు ఉస్తా బయూమీది, ఈ మెకానిక్కుల వీధిలో ఆయన మాటకి తిరుగులేదు, గురువారం నేను పెళ్ళి చేసుకోబోయేది ఆయన్నే, ఇవాళ సోమవారం, ఇంకా ఒకళ్ళనొకళ్ళం ఉస్తా అనే, అంటే మేస్త్రీ అనే పిలుచుకుంటున్నాం, ఆయన పనిలో ఉస్తా అయితే నేను స్టీరింగ్ దగ్గర ఉస్తాని, పెళ్ళయ్యాక ఏమని పిలవాలో తలుచుకుంటేనే నవ్వొస్తోంది, పెళ్ళికొడుకు పార్లర్ గుమ్మం దాకా కారు తెచ్చి పెళ్ళికూతుర్ని ఎక్కించుకుపోవడం మా దగ్గర రివాజు, నేను దాన్ని తిరగేశాను, తెల్ల గౌను మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని నేనే తోలుతాను, ఆయన పక్కన కూర్చుంటాడు, వెనక ఏడుగురు టీచర్లు కేరింతలు కొడతారు, హారన్ మీద చెయ్యి తియ్యను, ఊరంతా చూడాలి, చూస్తుంది కూడా, బండి అంటూ కదిలితే.

కదలదు, ఎందుకంటే నిన్న ఇంజన్ పట్టేసింది, నిన్న ఆ గాలి ఏం గాలి, ఖమ్సీన్ లేచి రోడ్డంతా ఇసుక, బర్సీమ్ గడ్డి కొండంత వేసుకుని ముందొక ట్రాక్టరు, దాన్ని దాటడానికి దారి లేదు, ఇంజన్ వేడి చూపించే ముల్లు మెల్లగా పైకి పాకుతోంది, నేను చూడనట్టు నటిస్తున్నాను, ముల్లు కూడా నన్ను చూడనట్టు పాకుతోంది, చివరికి గత్యంతరం లేక హీటర్ ఫుల్లుగా తిప్పాను, ఇంజన్ వేడిని కొంత మనం మింగితే అది బతుకుతుందని డ్రైవర్లందరికీ తెలిసిన ఉపాయమే, కానీ ఆ ఎండలో, ఆ ఇసుకలో, కిటికీలు మూసిన బండిలో హీటరంటే ఇంక చెప్పాలా, చావకముందే నరకంలో పడేశావు కదే ఇన్షిరాహ్, అంది లెక్కల టీచరమ్మ అబ్లా కరీమాన్, మధ్య సీట్లో లెక్కల పుస్తకంతో విసురుకుంటూ, నరకానికి టికెట్ డబుల్ అబ్లా, మీరు కాబట్టి పాత రేటే, అన్నాను, అందరూ నవ్వారు, చెమటలు కక్కుతూ నవ్వారు, ఆ నవ్వులో టకటక వినపడలేదు, తర్వాత గరగర వినపడింది, ఆ తర్వాత ఏమీ లేదు, పదకొండేళ్ళుగా నా కాళ్ళ కింద ఆడుతున్నది ఒక్కసారి ఆగిపోతే చెవులు మూసుకుపోయినట్టయింది, ఆవిరి లేచింది, ఆ ట్రాక్టరువాడే తాడు కట్టి లాక్కొచ్చాడు, గడ్డిమోపు వెనక ఏడుగురు టీచర్లతో నా బండి ఊళ్ళోకి వచ్చింది, సందు చివర కాఫీ కొట్టువాడు లేచి నిలబడి సలాం కొట్టాడు, వాడి సంగతి పెళ్ళయ్యాక చెబుతాను.

ఇప్పుడు రెండే దార్లు, ఒకటి ఈ ఇంజన్నే దింపి పని చేయించడం, సిలిండర్లు బోరు కొట్టించి కొత్త పిస్టన్లు, కొత్త రింగులు వేయించి వంకరపోయిన హెడ్‌ని చదును చేయించడం, దానికి రెండు వారాలు ఎటూ పడుతుంది, రెండోది దీన్ని తీసి అవతల పారేసి కంటైనర్లో దిగిన విదేశీ ఇంజన్ బిగించడం, బుధవారం సాయంత్రానికి బండి రోడ్డు మీద ఉంటుంది, బుధవారం, అంటే గోరింటాకు పెట్టే రోజు, ఎర్ర చేతులతో స్టీరింగ్ పట్టుకుని ఒక్క రౌండు వేసి చూసుకోవచ్చు, ఆ మాట తలుచుకుంటే గుండె గంతులేస్తోంది, పాత ఇంజన్లు అమ్మే హాజీ మెత్వల్లీ అప్పుడే తోపుడుబండి మీద ఒకటి తోయించుకొచ్చేశాడు, నల్లగా, నూనె తుడిచి, పెళ్ళికూతురి కంటే ముస్తాబుగా ఉంది అది, ఇటలీలో ఒక డాక్టరు భార్య నడిపిన బండిదమ్మా, ఆదివారం చర్చికి తప్ప బయటికి తియ్యలేదు, అంటాడు, పోయినేడు వేరేవాళ్ళకి అమ్మినదీ ఆ డాక్టరు భార్యదే, ఆవిడకి ఎన్ని బండ్లున్నాయి హాజీ అంటే, పుణ్యాత్మురాలమ్మా, దేవుడిచ్చాడు, అంటాడు, నాకు నవ్వాగదు, తీసుకుందాం, తీసుకునేద్దాం, ఇంజన్ నంబరు మార్పు రాయించుకోవడానికి ట్రాఫిక్ ఆఫీసులో నిలబడాలి, నిలబడదాం, కానీ పదకొండేళ్ళ ఇంజన్, చలికాలం మొదటి తాళానికి ఎలా దగ్గుతుందో, గేరు మారిస్తే ఏం గొణుగుతుందో అన్నీ తెలిసినది, ఇటలీ డాక్టరమ్మ ఇంజన్ ఏం గొణుగుతుందో నాకేం తెలుసు, పొద్దుట్నుంచీ ఇలాగే ఒకసారి ఇటు, ఒకసారి అటు, పని చేయిద్దాం, మార్చేద్దాం, ఎవరైనా చూస్తే పెళ్ళికొడుకుని ఎంచుకుంటోందనుకుంటారు.

బయూమీ మాత్రం ఎటూ ఊగలేదు, మార్చేద్దాం ఉస్తా, ఇది పాతబడింది, ఇంక దీన్నేం చూస్తాం, అన్నాడు, అదే నాకు వింతగా ఉంది, కారిపోయిన కార్బురేటర్ని కూడా పారెయ్యనివ్వని మనిషి, ఒక బోల్టుకి మర పోతే పూటంతా కూర్చుని మర వేసే మనిషి, మొత్తం ఇంజన్ని ఒక్క మాటలో పారెయ్యమంటున్నాడు, పైగా పొద్దున నేను టీ గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి ఇంజన్ ముందు వైపు నీళ్ళ గొట్టం కలిసే చోట టార్చి వేసి చూస్తున్నాడు, చాలాసేపు చూశాడు, అక్కడున్న చిన్న కన్నంలో వేలు పెట్టి తిప్పాడు, నన్ను చూసి ఆ చోటు మీద గుడ్డముక్క కప్పేశాడు, టీ చల్లారిపోతోంది అన్నా తాగలేదు, ఆ చోటు నాకు తెలియనిదా, అక్కడే కదా మొదలైంది ఇదంతా, రెండేళ్ళ కిందట బండి కాస్త వేడెక్కుతోందని తెస్తే ఆ గొట్టం విప్పి లోపలున్న వాల్వు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు, థర్మోస్టాట్, రాగిరంగు బిళ్ళ, ఇది చలి దేశాలవాళ్ళకి ఉస్తా, ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని ఆపుతుంది, మన ఎండలకి ఇదెందుకు, నీళ్ళు ఎప్పుడూ పారుతూనే ఉండాలి, అన్నాడు, తీసి పక్కన డబ్బాలో వేశాడు, ఆ డబ్బా నిండా అవే, ఈ వీధికి వచ్చిన ప్రతి బండిదీ ఒకటి, దేశంలో ఏ మెకానిక్కైనా చేసేదదే, ఆయన అలా అరచేతిలో పెట్టి చూపించినప్పుడే ఆ చేతులు చూశాను, గోళ్ళలో నల్లటి నూనె, ఎంత నెమ్మదిగా పట్టుకున్నాడు, నాకు ఒక్క మెకానిక్ కూడా ఏదీ చూపించలేదు అప్పటిదాకా, ఆడదానివి నీకెందుకు అనేవాళ్ళే, ఆ రాత్రి నిద్రపట్టలేదు, సిగ్గేముంది చెప్పడానికి, ఆ వాల్వు మూలంగానే నేను ఈ మనిషిని ఇష్టపడ్డాను.

గుడ్డముక్క ఎత్తాను, ఆయన హాజీతో మాట్లాడుతున్నాడు, నేను వంగి చూశాను, వాల్వు ఉండాల్సిన చోటు ఖాళీ, పక్కనే ఆ చిన్న కన్నం, ఇంజన్లోకే తిరిగి వెళ్ళే అడ్డదారి, వేడెక్కాక వాల్వు తెరుచుకుంటూ ఆ కన్నాన్ని మూస్తుంది, వాల్వు లేకపోతే అదెప్పుడూ తెరిచే ఉంటుంది, సగం నీళ్ళు రేడియేటర్ మొహం చూడకుండా మరుగుతూ మరుగుతూ మళ్ళీ ఇంజన్లోకే పోతాయి, రెండేళ్ళు పోయాయి, నిన్న బరువుతో, నెమ్మదిగా, ఆ గాలిలో ఇంక మొయ్యలేక ఆగింది, అంతే, ఇంతకంటే ఏమీ లేదు, ఒక్కసారి ఒంట్లో చల్లబడింది, పోయింది ఇంజనని కాదు, ఎంత పెద్ద మెకానిక్కైనా పొరపడతాడు, గుడ్డ కప్పాడే, అది, కొత్త ఇంజన్ వచ్చేస్తే పాతది తుక్కులోకి పోతుంది, ఎవరూ విప్పరు, ఎవరూ చూడరు, కొత్తదానిలో చడీచప్పుడు లేకుండా వాల్వు ఉంచేసి ఊరుకుంటాడు, నేను గురువారం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని హారన్ కొడుతూ వెళతాను, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఆ గుడ్డ కింద ఇంకేం ఉన్నాయో తెలియకుండా ఒకే కంచంలో తింటాను, నలభై నాలుగేళ్ళు ఆగింది మొగుడు దొరక్క కాదు, ఆ మాట ఈయనకీ తెలుసు, అయినా చెంపలు ఎందుకు మండుతున్నాయి, కోపమా, కోపమూ ఉంది, కోపం కింద ఆశ ఇంకా ఎగురుతూనే ఉంది, చెప్పు, చెప్పవయ్యా, నోరు తెరువు, నేను అడక్కుండా చెప్పు, హాజీ ఆయన చేతిలో చెయ్యి వేసి బేరం ఖాయమంటున్నాడు, ఇంక ఆగలేక నేనే అడిగాను, ఉస్తా, కొత్త ఇంజన్లో ఆ వాల్వు ఉంచుతావా, తీసేస్తావా, అన్నాను.

హాజీ, వాల్వేంటమ్మా, మన దేశంలో వాల్వు ఎవరు ఉంచుతారు, అని నవ్వాడు, బయూమీ నవ్వలేదు, నన్ను చూశాడు, నా చేతిలో గుడ్డముక్కని చూశాడు, ఎదురు కొట్లో చక్రం బిగిస్తున్నవాడు చూస్తున్నాడు, పక్క కొట్లో రేకు కొడుతున్నవాడు సుత్తి ఆపాడు, ఈ మనిషి మాట మీద నడిచే వీధి ఇది, ఒక్క అబద్ధం చాలు, చిన్నది, ఉంచుదాంలే ఉస్తా నీ ఇష్టం, అంటే చాలు, అందరూ నవ్వేసి టీ తాగేవాళ్ళు, ఆయన హాజీ చేతిలోంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, హాజీ, దాన్ని తోసుకుపో, అన్నాడు, ఈ ఇంజన్ని గాలి చంపలేదు, పాతబడి చావలేదు, నేను చంపాను, వాల్వు తీసింది నేను, నాకు పని నేర్పిన మా ఉస్తా తీసేవాడు, నేనూ తీశాను, ఎందుకని ఒక్కనాడు అడగలేదు, అన్నాడు, ఇది ఒక్కటే కాదు, ఇక్కడికొచ్చిన ప్రతి బండికీ తీశాను, అని డబ్బా తెచ్చి అందరి ముందు గోనెపట్టా మీద బోర్లించాడు, గలగలమంటూ పడ్డాయి వాల్వులు, హాజీ నోరు తెరిచాడు, మతి పోయిందా నీకు, రేపు సగం ఊరు నీ కొట్టు మీద పడుతుంది, అన్నాడు, పడనీ, ఎవరిది వాళ్ళకి పెట్టి పంపుతాను, అన్నాడు బయూమీ, తర్వాత నావైపు తిరిగి, పొద్దున్నే చెప్పాల్సింది ఇన్షిరాహ్, గురువారం దాకా దాచాలనుకున్నాను, నువ్వు వెళ్ళిపోతావని భయమేసింది, అన్నాడు, చెవులు ఎర్రబడ్డాయి, నలుగురి మధ్యా తలెత్తే నిలబడ్డాడు, చేతులు మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వెళ్ళిపోవడమా, ఎక్కడికి, నా కాళ్ళు నేల మీద ఆనితే కదా, ఇంతమందిలో కాకపోతే ఇక్కడే సంబరంతో అరిచేదాన్ని, దింపు ఉస్తా, పూర్తిగా దింపు, ప్రతి బోల్టూ విప్పు, నేనూ పక్కన కూర్చుంటాను, రెండు వారాలు కాకపోతే నెల పట్టనీ, అన్నాను, మరి గురువారమో అన్నాడు, గురువారం గురువారమే అన్నాను, అబ్లా కరీమాన్ తమ్ముడికి మైక్రోబస్సు ఉంది, పనికిమాలినవాడు, బ్రేకులు ఆలస్యంగా వేస్తాడు, హారన్ కూడా గొంతు పట్టినట్టు మోగుతుంది, అయినా తెస్తాడు, ఆ మాట నోటి వెంట వస్తున్నప్పుడే నాకే ఆశ్చర్యమేసింది, పెళ్ళి గౌనులో స్టీరింగ్ పట్టుకుని తోలుకుపోతానని నెలలుగా ఊరంతా చాటుకుంటున్నానే, అందులో సంబరం ఎంతో కొంత ఉంది, మిగిలిందంతా భయం, ఎవరి బండిలోనూ నేను ఎక్కనని, ఎటు తిప్పాలన్నా నా చేతిలోనే ఉండాలని, ఎవడు ఏం కప్పిపెట్టినా బ్రేకు నా కాలి కింద ఉండాలని, ఇన్నేళ్ళుగా పెళ్ళంటే నేను భయపడ్డది ఆ పక్క సీటుకే, ఇప్పుడు చూసుకుంటే ఆ భయం వెతికినా దొరకడం లేదు, గురువారం ఎవరైనా తోలనీ, ఎర్ర రిబ్బను కట్టినా కట్టకపోయినా, నేను ఆయన పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చోగలను.