మెంతులు పూసిన కోళ్లగంప

నేనొక కోళ్లగంపను. నన్ను అల్లిన మేదరి మనిషి పనితనం గొప్పదే గానీ, నా గొప్పంతా వెదురుబద్దల మధ్య వదిలిన సందుల్లోనే ఉంది. కింద మూసిన కోడికి గాలి ఆడేది వాటివల్లే.

విశాఖ శివార్లలో ఓ కాలనీవాళ్లు ఖాళీ స్థలంలో అందరూ కలిసి తోట వేసుకుని, ఓ మూల కోళ్లను పెంచుతున్నారు. వాటి ఆలనాపాలనా నూకరత్నానిది. భర్త పోయాక ఇంట్లో ముడుచుకుపోయిన మనిషి, కోళ్ల పుణ్యమా అని నలుగురిలో పడింది. చుక్కలపెట్ట అంటే ఆమెకు ప్రాణం. అది ఆమె ఒళ్లో కూర్చుని నూకలు తినేది.

తోట పండుగకు ఇంటింటివాళ్లూ పోటీకి కోడి బొమ్మలు వేయాలనుకున్నారు. గోడలు, కుండీలు, ఆఖరికి నీళ్ల డ్రమ్ములు కూడా అయిపోయాక నూకరత్నానికి నేను మిగిలాను. సందుల మీద బొమ్మ నిలవదు కదా! వాళ్లమ్మ చాటలకు పూసినట్టే, నానిన కాగితాలూ మెంతులూ కలిపి రుబ్బి నాకు లోపలా బయటా దట్టంగా పూసింది. ఆరాక పైన చుక్కలపెట్ట బొమ్మ వేసింది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. నేనూ ఉబ్బిపోయాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతున్నాను.

వేదిక మీద నా కింద అసలు చుక్కలపెట్టనే పెట్టాలని కార్యదర్శి సన్యాసిరావుకు తోచింది. ముఖ్య అతిథి నన్ను ఎత్తగానే బొమ్మకు ప్రాణం వచ్చినట్టుండాలట. ఎండ నిప్పులు చెరుగుతోంది. పైన పందిరైనా లేదు. అతిథి మూగజీవాల మీద ప్రేమ గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. చుక్కలపెట్ట మొదట గోకింది, తర్వాత ముక్కుతో పొడిచింది. మెంతుల పట్టు మామూలుది కాదు, ఊడలేదు.

ఆ చప్పుడు విని ముందు వరసలోంచి నూకరత్నం లేచింది.

“బాబూ, ఓపాలి గంప ఎత్తండి. దానికి గాలాడతందో నేదో!”

“కూకో పిన్నీ, పెద్దాయన మాటాడతన్నారు. మా పరువు తీయకు,” అన్నాడు సన్యాసిరావు పళ్లు బిగించి.

అందరూ తిరిగి చూశారు. ఆమె మొహం కందిపోయింది. కొంగు సర్దుకుని కూర్చుంది. కాసేపటికి నా లోపల చప్పుడు ఆగిపోయింది. అది ఆగడం కూడా ఆమె విన్నది. నలుగురిలో మళ్లీ లేవడానికి మొహమాటపడింది.

ఎత్తకముందే చప్పట్లు మొదలయ్యాయి. అతిథి నన్ను జానెడు ఎత్తాడు. చుక్కలపెట్ట పక్కకు ఒరిగి ఉంది, ముక్కు తెరుచుకుని. సన్యాసిరావు గబుక్కున నన్ను మళ్లీ దించేసి, “కోడి నిద్దరోతందండీ!” అన్నాడు మైకులో. అంతా గొల్లుమని నవ్వారు. కానీ ముందు వరసకు అంతా కనబడింది.

“రా పిన్నీ, ఫొటో!”

ఆమె వచ్చింది.

ఇప్పుడు నేను కాలనీ ఆఫీసు గోడకు వేలాడుతున్నాను, మొదటి బహుమతి అట్టతో. పక్కనే ఆ ఫొటో. వచ్చినవాళ్లు నా రంగులు మెచ్చుకుంటారు. నూకరత్నం మాత్రం ఈ గది గడప తొక్కదు. ఫొటోలో నా మీద చెయ్యి వేసి, ఫొటోగ్రాఫరు చెప్పినట్టే నవ్వుతూ నిలబడింది. నా కింద ఏముందో అప్పటికే ఆమెకు తెలుసు.